ఇయ్యాల కాదు

మా ఇంట్లో భయపడే శాఖ నాది. పంపకాలు ఎప్పుడో అయిపోయాయి. ఆలోచించే శాఖ మా ఆవిడ సౌజన్యది, ఎగిరే శాఖ మా అమ్మాయి మైథిలిది, మిగిలింది నాకిచ్చారు. గ్యాస్ కట్టేశామా లేదా అని వీధి చివరి నుంచి వెనక్కొచ్చి చూసేది నేను. బల్లి కనిపిస్తే కుర్చీ ఎక్కేదీ నేనే. హన్మకొండలో కారు డ్రైవింగ్ స్కూలు నడుపుతాను. నేర్చుకునేవాళ్ల పక్క సీట్లో కూర్చుంటే నా కాలి కింద ఇంకో బ్రేకు ఉంటుంది. అది లేని కారెక్కితే నా కుడికాలు ఊరికే కింద పరిచిన మ్యాటుని తొక్కుతూ ఉంటుంది. చుట్టాలు చూసి నవ్వుతారు. నవ్వుకోనీ.

అలాంటివాడి కూతురికి గాల్లో ఎగరాలని బుద్ధి పుట్టింది. ఊరి బయట రాళ్లగడ్డలో పాత విమానాల మైదానం ఒకటి ఉంది. అక్కడ పిల్లల కేడెట్ దళం గ్లైడర్లు నడుపుతుంది. గ్లైడర్‌కి ఇంజను ఉండదు. మైదానం ఆ చివర ఒక యంత్రం ఉక్కుతాడుని సర్రున చుట్టుకుంటుంటే, ఈ చివర ఆ తాడుకి తగిలించిన విమానం గాలిపటంలా నిటారుగా లేస్తుంది. పైన తాడు వదిలేస్తారు. అక్కణ్ణుంచి గాలి దయ, నడిపేవాళ్ల తెలివి. ఇంజను లేని బండిలో కూతుర్ని కూర్చోబెట్టి ఇంటికొచ్చి అన్నం తినే తండ్రులు ఎలా తింటారో నాకు తెలీదు.

అక్కడ బిళ్ళలు ఒకదాని తర్వాత ఒకటి సంపాదించుకోవాలి. మొదటిది నీలం బిళ్ళ. విమానాన్ని షెడ్డులోంచి తోసుకు రావడం, రెక్క చివర పట్టుకుని పరుగెత్తడం, గాలి చూడడం, నేర్పే సార్‌తో కలిసి ఎగిరి రావడం వస్తే అది ఇస్తారు. రెండోది కంచు రెక్క. సార్ వెనక సీట్లో ఉంటాడు గానీ చెయ్యి పెట్టడు, ఎక్కించడమూ దించడమూ కేడెట్‌దే. మూడోది వెండి రెక్కలు. అప్పుడు వెనక సీటు ఖాళీ. బయటినుంచి వచ్చిన పరీక్షాధికారి చూస్తుండగా ఒంటరిగా మూడు చుట్లు కొట్టి దిగాలి. పదిహేడు నిండేలోపు వెండి రెక్కలు పెట్టుకున్నవాళ్లకి పైలట్ శిక్షణలో నేరుగా సీటిస్తారు. మా మైథిలికి ఆ సీటు తప్ప లోకంలో మరో కుర్చీ కనపడదు.

నీలం బిళ్ళతో పాటు ప్రతి కేడెట్‌కీ ఒక ఎర్ర రుమాలు ఇస్తారు. అది అక్కడి శిక్షకుడు యాకూబ్ రెడ్డి సార్ పెట్టిన పద్ధతి. ఆ పేరు వినగానే బయటి ఊళ్లవాళ్లు ఇంకోసారి అడిగి చెప్పించుకుంటారు. అన్నారం యాకూబ్ దర్గాలో మొక్కుకుంటే పుట్టాడు, మా వైపు అలాంటి పేర్లు మామూలే. ఎగిరే ముందు ఏ కేడెట్‌కైనా మనసొప్పకపోతే ఆ రుమాలు తీసి రెక్క మీద వేసి, "ఇయ్యాల కాదు" అంటే చాలు. అప్పటికే లోపల కూర్చుని ఉంటే పక్క కిటికీలోంచి బయటికి చాపినా చాలు. ఎందుకని ఎవరూ అడగకూడదు, సార్ కూడా అడగడు. అది తప్పినట్టు లెక్కలోకి రాదు. కాకపోతే ఆ రోజుకి ఇక ఎగరకూడదు, ఆ సాయంత్రం అందరికీ చాయ్ పెట్టాల్సిందీ ఆ కేడెటే.

కంచు రెక్క దగ్గర మా మైథిలి ఆగిపోయింది. తాడు లాగే ముందు ఆమెకి ఊపిరి అందేది కాదు. వారం వారం రుమాలు వేసేది, వారం వారం చాయ్ పెట్టేది. పిల్లలు ఆమె చాయ్‌కి పేరు కూడా పెట్టేశారు. ఇంటికొచ్చి మంచం మీద బోర్లా పడుకుని ఏడ్చేది. నా పోలికే వచ్చిందని సౌజన్య పైకి అనలేదు గానీ నా వైపు ఒకసారి చూసింది. నాకు లోలోపల కాస్త గర్వంగానే ఉండేది. పిల్లకి బుర్ర ఉంది అనుకునేవాణ్ణి.

సౌజన్య పని చేసే పరిశోధనశాలలో అప్పటికే ఒక పట్టీ తయారవుతోంది. నిప్పులో కాలినవాళ్లు, ప్రమాదాల్లోంచి బతికి బయటపడ్డవాళ్లు మళ్లీ మామూలుగా తిరగగలగడం కోసం మొదలుపెట్టారు. ఇంట్లో బోర్లా పడుకున్న కూతుర్ని చూసీ చూసీ దాన్ని కేడెట్లకి పనికొచ్చేలా మార్చింది. నిబ్బరపు పట్టీ అని పేరు పెట్టారు. మొదటిసారి ఇంటికి తెచ్చినప్పుడు కూర్చోబెట్టింది నన్నే. ఆటగాళ్లు నుదుటికి కట్టుకునే గుడ్డపట్టీలా ఉంది, లోపలివైపు బియ్యపు గింజలంత లోహపు చుక్కలు. భయం ఒళ్లంతా పాకేలోపే అది పసిగట్టి అక్కడికక్కడే సద్దుమణిగేలా చేస్తుందట. తెలివికి అడ్డు రాదట, గుండెదడకి మాత్రమేనట. అంతా చెప్పి, గోడ మీది బల్లిని చీపురుతో నా ఒళ్లోకి తోసింది.

బల్లిని నేను అంత దగ్గర నుంచి చూసింది అదే మొదలు. దాని వేళ్లెంత సన్నగా ఉన్నాయో గమనించాను. అది నా మోచేతి మీదుగా నడిచి సోఫా వెనక్కి పోయింది. ఎలా ఉందని సౌజన్య అడిగింది. ఏమీ లేదన్నాను. నిజంగానే ఏమీ లేదు. పట్టీ తీశాక పరుగెత్తి చెయ్యి సబ్బుతో తెగ రుద్దుకున్నాను. అయితే తర్వాత నన్ను తొలిచింది బల్లి కాదు. ఆ కాసేపట్లో ఇల్లు కూలుతున్నా అలాగే కూర్చుని గోడ పగుళ్లు గమనించేవాణ్ణేమో. ఆ మాట చెబితే సౌజన్య నవ్వి, నీ మీద ప్రయోగం చెయ్యడం నాదే పొరపాటు అంది.

పట్టీ పని చేసింది. కాదనడానికి లేదు. మైథిలి నెల తిరక్కుండా కంచు రెక్క తెచ్చింది. ఆమెకంటే ఏడాది పెద్దవాడు ప్రణీత్ అందరికంటే ముందు వెండి రెక్కలు తెచ్చాడు. పరిశోధనశాలవాళ్లు వచ్చి ఫొటోలు దిగారు. రాళ్లగడ్డలో ఎర్ర రుమాలు బయటికి రావడం మానేసిందని వాళ్లు చాలా సంతోషపడ్డారు. యాకూబ్ రెడ్డి సార్ మాత్రం ఆ సంతోషంలో కలవలేదు. నేను మైథిలిని తీసుకురావడానికి వెళ్లిన ఓ సాయంత్రం ఆయన షెడ్డు వెనక ఒక్కడే స్టవ్ దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఈ ఏడంత చాయ్ నేనే పెట్టుకుంటున్న," అన్నాడు. "ఒక్క పోరడు గూడ రుమాలు తీస్తలేడు. మంచి రోజులు గిన్ని ఉంటయా అసలు?"

నాకూ ఒక గ్లాసు పోసి ఇచ్చాడు.

పట్టీ కట్టుకునేది మైదానంలోనే, ఇంట్లో కాదు. తీసెయ్యగానే మామూలైపోతారన్నది సౌజన్య నమ్మకం. ముందు నాకూ అలాగే అనిపించింది. తర్వాత చిన్న చిన్నవి కనపడసాగాయి. మూకుట్లో నూనె మంట పట్టుకుంటే మైథిలి వెనక్కి తగ్గలేదు, వంగి చూస్తూ నిలబడింది. వీధి చివర కరిచే కుక్క మీదికొస్తే దాని చెవి మీద గాయం ఉందని నాకు చూపించింది. హన్మకొండ చౌరస్తాలో బస్సు హారన్ కొడుతుంటే అడుగు వేగం పెంచకుండా రోడ్డు దాటింది. నేను చెయ్యి పట్టి లాగితే, చూశాను కదా నాన్నా, అంది. చూసింది, నిజమే. చూడడం వేరు, ఒళ్లు ఝల్లుమనడం వేరు అని నేను సౌజన్యకి చెప్పబోతే, ఆవిడకి అది నేను రోజూ మోగించే గంటే. రోజూ మోగే గంటకి ఎవరు తలుపు తీస్తారు?

అంతలో ప్రణీత్ పడ్డాడు.

మరీ పైనుంచి కాదు. దిగేటప్పుడు బాగా నెమ్మదించి, రన్‌వేకి ఇవతలే పత్తిచేనులో కూలబడ్డాడు. రెండు కాళ్లూ విరిగాయి, ప్రాణం దక్కింది. ముగ్గురమూ ఆసుపత్రికి వెళ్లాం. పిల్లవాడు తేటగా మాట్లాడాడు, నొప్పి తప్ప వాడికి వేరే బాధ ఉన్నట్టు లేదు. ఏం జరిగిందని సౌజన్య అడిగింది.

"నేల దగ్గరికొస్తున్నదని తెలుసు ఆంటీ. ముక్కు దించి వేగం పెంచాల్నని గూడ తెలుసు," అన్నాడు. "కానీ తొందరేం అనిపియ్యలే."

వాళ్లమ్మ మంచం పక్కన కూర్చుని ఉంది. సౌజన్య ఆవిడ కాళ్ల దగ్గర నేల మీద కూర్చుండిపోయింది. నేను మైథిలి వంక చూశాను. ఆమె ప్రణీత్ కాళ్లకున్న కట్లు చూస్తూ, ఎముక అతుక్కోవడానికి ఎంత కాలం పడుతుందని నర్సుని అడుగుతోంది. గొంతులో తడి లేదు. ఆ క్షణం నా కూతురంటే నాకు జాలీ భయమూ రెండూ కలిగాయి.

పట్టీలన్నీ వెనక్కి తీసుకున్నారు. సౌజన్య తిండి తగ్గించి, మాట తగ్గించి, పరిశోధనశాలలోనే ఉండసాగింది. చివరికి తేలిందేమిటంటే, నెలల తరబడి ఆపుతూ వస్తే ఒళ్లు భయపడడమే మర్చిపోతుంది. పట్టీ తీసేసినా వెంటనే రాదు. చాలామందిలో తిరిగి వస్తుంది. ఎవరికి ఎప్పుడు వస్తుందో చెప్పలేం. అందరికంటే ఎక్కువకాలం పట్టీ కట్టుకున్నది మైథిలి, కనిపెట్టినామె కూతురు కదా. పరిశోధనశాలలో ఉన్నట్టుండి పెద్ద చప్పుడు చేసి, గుండె కొట్టుకోవడం కొలిచి, పరవాలేదు, మెరుగవుతోందన్నారు. చప్పుడుకి ఎవరైనా ఉలిక్కిపడతారని నేనన్నాను. ఎవరూ పట్టించుకోలేదు.

వెండి రెక్కల పరీక్ష తేదీ వచ్చేసింది. అది తప్పితే మళ్లీ పరీక్ష జరిగేనాటికి మైథిలికి పదిహేడు దాటిపోతాయి. నేను వద్దన్నాను. ఇంట్లో అంత గట్టిగా మాట్లాడడం నాకు అలవాటు లేదు. సౌజన్య కిటికీ మూసి నా వైపు తిరిగింది.

"దాని భయం నేనే తీసేసిన. సీటు గూడ నేనే తియ్యాల్నా?" అంది.

నేను వెళ్లి స్కూలు కారు తాళం తీసుకున్నాను.

ఇక నా పద్ధతిలో నేను చూద్దామనుకున్నాను. లైసెన్సు వయసు రాలేదు కాబట్టి రోడ్డు మీద కాదు, మా స్కూలు మైదానంలో మైథిలిని స్టీరింగు ముందు కూర్చోబెట్టాను. సరదాకి అని చెప్పాను. బాగా నడిపింది. గేర్లు మార్చే తీరు చూస్తే నా దగ్గర జీతానికి పెట్టుకోవచ్చు. ఎదురుగా ప్రహరీగోడ వస్తోంది. ఇక బ్రేకు వేస్తుంది, వేస్తుంది అనుకుంటూ చేతులు బిగించుకుని కూర్చున్నాను. ఆమె గోడ వంకే చూస్తోంది. నా కాలు నన్నడక్కుండా రెండో బ్రేకు తొక్కేసింది. బంపరు గోడకి తగిలీ తగలకుండా ఆగింది.

వేద్దామనే ఉన్నానంది మైథిలి. కోపం లేదు, కంగారు లేదు. కానీ వెంటనే దిగలేదు. నా మొహం వంక, కొత్త యంత్రాన్ని చూసినట్టు చాలాసేపు చూసింది. నీకు ఎప్పుడనిపించింది నాన్నా, అని అడిగింది. గోడ ఇంకా అంత దూరంలో ఉండగానే అని చెప్పాను. ఊఁ అని ఊరుకుంది.

ఆ సంగతి సౌజన్యకి చెప్తే, నీ కాలు ఎప్పుడు ఊరుకుంది గనక అంది. యాకూబ్ రెడ్డి సార్ దగ్గరికి పోయి చెప్పాను. ఆయన పూర్తిగా విన్నాడు. మైథిలి పట్టీ లేకుండా నడుపుతుంటే తాను వెనక సీట్లో కూర్చుని చాలాసార్లు చూశానని, ఒక్క తప్పు కూడా పట్టుకోలేకపోయానని, తప్పు లేని పిల్లని ఆపే అధికారం తనకు లేదని చెప్పాడు. రుమాలు ఆమె జేబులోనే ఉంటుంది కదా అన్నాడు. ఆ మాట అంటూ ఆయన నా కళ్లలోకి చూడలేదు.

అప్పట్నుంచి మైథిలి నన్ను చూడడం మొదలుపెట్టింది. పాలు పొంగుతుంటే పాలకేసి కాదు, నాకేసి చూస్తుంది. రోడ్డు దాటేముందు రెండు పక్కలా చూసి, ఆ తర్వాత నా మొహం చూస్తుంది. బాల్కనీ గోడ మీదికి వంగబోతూ ఆగి వెనక్కి తిరుగుతుంది. వేళాకోళం చేస్తోందనుకుని ఒకసారి కసురుకున్నాను కూడా. అయినా ఆమె మానలేదు. నాకు కాలు ఒకచోట నిలవడం మానేసింది. కుళాయి కట్టేసి మళ్లీ వచ్చి చూడడం, తలుపు గడియ రెండుసార్లు పరీక్షించడం, పరీక్ష వాయిదా పడిందేమోనని ఫోను తీసి చూడడం. స్కూలుకి వచ్చేవాళ్లు కూడా నా మూలంగా బ్రేకు మీంచి కాలు తియ్యడం మానేశారు.

పరీక్ష రోజు పొద్దున సౌజన్య నా ఎదురుగా కూర్చుని, వెనక్కివ్వకుండా ఇంట్లో మిగిలిపోయిన పట్టీ ఒకటి నా చేతిలో పెట్టింది.

"రావద్దంటలేను. కానీ ఇది కట్టుకొని రా," అంది. "నీ మొహం జూస్తే పిల్ల ఆగమైతది."

చెడ్డ ఉద్దేశంతో అనలేదు. ఆమె కళ్ల కింద నలుపు చూస్తే నాకు వాదించబుద్ధి కాలేదు. పట్టీ జేబులో పెట్టుకుని కారు తీశాను.

ఎండాకాలం కదా, పొద్దున్నే నేల కాగడం మొదలైంది. కంచెకి ఇవతల నిలబడే చోటు మాది. గాలి ఎటు వీస్తోందో చూపించే చారల గుడ్డసంచి స్తంభం మీద ఒకసారి అటు, ఒకసారి ఇటు తిరుగుతోంది. పత్తిచేల మీద దుమ్ము లేచి పడుతోంది. పరీక్షాధికారి తన మీటరు చూసుకుని, గాలి హద్దులోనే ఉందన్నాడు. ఆ రోజు పరీక్షకి ఇద్దరే. ముందు మైథిలి, తర్వాత ఆఫ్రీన్ అని ఇంకో అమ్మాయి. పట్టీలు వెనక్కి తీసుకున్నాక వేరే ఊరి దళంలోంచి ఇక్కడికి మారిన పిల్ల కాబట్టి ఆమె దాన్ని ఎరగదు. రెక్క చివర పట్టుకుని నిలబడి, గాలిసంచి వంక చూసినప్పుడల్లా గుటకలు మింగుతోంది.

 మైథిలి విమానం చుట్టూ తిరిగి చూసి, సీట్లో కూర్చుని, బెల్టులు బిగించుకుంది. వెనక సీటులో మనిషి లేడు, అయినా సార్ అలవాటు ప్రకారం ఆ ఖాళీ సీటు బెల్టు కూడా బిగించి వచ్చాడు. అది చూడగానే నా వల్ల కాలేదు. జేబులోంచి పట్టీ తీసి టోపీ కింద కట్టుకున్నాను.

హాయిగా ఉంది. అబద్ధం ఎందుకు, అన్ని నెలల తర్వాత నా కాళ్లు నేల మీద నిలబడ్డాయి. గాలిసంచి తిరుగుతోంది, చారలు ముచ్చటగా ఉన్నాయి. పత్తిచేలో దుమ్ము సుడి తిరుగుతూ ఇటే వస్తోంది. సౌజన్య నా మొహం చూసి, ఊపిరి పీల్చుకుని, నా చెయ్యి పట్టుకుంది. తాడు తగిలించారు. ఆఫ్రీన్ రెక్క పైకెత్తింది. అద్దాల మూత దించుకున్న మైథిలి తల తిప్పి కంచె వైపు చూసింది. నన్నే చూసింది. నేను నవ్వాను.

ఆమె చూపు తిప్పుకోలేదు. ఏదో వెతుకుతున్నట్టు నా మొహం మీదే నిలిపింది. నాకంతా తెలుస్తూనే ఉంది. గాలి మారుతోందని తెలుసు. పిల్ల నా మొహంలో ఏదో వెతుకుతోందని తెలుసు. కానీ తొందరేమీ అనిపించలేదు.

ఈ మాట ఎక్కడో విన్నానే అనుకున్నాను. తీరిగ్గా గుర్తు తెచ్చుకున్నాను. ఆసుపత్రి మంచం, కాళ్లకి కట్లు, ప్రణీత్. భయం లేదు కాబట్టి నన్ను తరిమేది ఏదీ లేదు. అయినా గ్యాస్ కట్టేశానా అని వీధి చివర్నుంచి వెనక్కి తిరిగే అలవాటు నా కాళ్లకుంది చూడండి, అలాంటిదే చేతికి కూడా ఉన్నట్టుంది. అది దానంతటదే లేచి పట్టీని పట్టుకుని లాగేసింది.

అంతా ఒక్కసారిగా మీద పడింది. కుడికాలు నేలని తొక్కింది. అరవలేదు, చెయ్యి ఊపలేదు.  ఊరికే కంచె పట్టుకుని నిలబడి నా కూతురి వంక చూశాను. నా మొహంలో ఏముందో నాకు తెలీదు, అలాంటప్పటి నా మొహం జన్మలో అద్దంలో చూసుకోలేదు.

విమానం పక్క కిటికీ తెరుచుకుంది. అందులోంచి ఎర్ర రుమాలు పట్టుకున్న చెయ్యి బయటికొచ్చింది.

"ఇయ్యాల కాదు," అంది మైథిలి.

ఆఫ్రీన్ రెక్క కిందికి దించింది. తాడు విప్పేశారు. పరీక్షాధికారి సార్‌ని కారణమడిగాడు. మా దగ్గర అడగం సార్, అన్నాడు యాకూబ్ రెడ్డి. ఆ మాట నాకు కంచె దాకా వినపడింది. సౌజన్య నా చేతిలోని పట్టీ చూసింది, విమానం చూసింది. తర్వాత పట్టీ నా చేతిలోంచి తీసుకుని తన సంచిలో అడుగుకి తోసేసింది.

మైథిలి నడిచి మా దగ్గరికొచ్చింది. నేను క్షమించమని అడగబోయాను. ఆమె సీటు పోయింది కదా, నా మొహం వల్లే పోయింది.

"నాకైతే ఏమనిపియ్యలే నాన్నా. అంత మంచిగనే ఉన్నది," అంది. "కానీ ఆరోజు గోడ దగ్గర గూడ అంత మంచిగనే ఉండె. అప్పటిసంది నీ మొహమే చూస్తున్న. ఇందాక నీ మొహంల ఎవ్వరు లేరు, ఏం జెయ్యాల్నో తెల్వలే. తర్వాత నువ్వొచ్చినవ్."

ఆఫ్రీన్ వంతు వచ్చింది. ఆమె పరీక్షాధికారిని కాసేపు ఆగమని అడిగి, దుమ్ము సుడి రోడ్డు దాటి పోయేదాకా నిలబడి, అప్పుడు ఎక్కింది. తాడు లాగింది, విమానం లేచింది. మొదటి చుట్టు సగంలో గాలి దాన్ని పక్కకి కొట్టింది. ఎడమ రెక్క కిందికి వాలింది.  అప్పుడు నా మణికట్టు మీద గోళ్లు దిగాయి. సౌజన్య అనుకున్నాను. ఆమె నాకు అటువైపు ఉంది.

గోళ్లు మైథిలివి. తల పైకెత్తి ఆఫ్రీన్ విమానాన్నే చూస్తోంది. పెదాలు తెల్లబడ్డాయి. దించు, దించు, దించు అని గొణుగుతోంది. ఆమె చెయ్యి నా చేతి మీద వణుకుతోంటే నా ప్రాణం లేచి వచ్చింది. కాస్త సిగ్గుపడాల్సిన సంగతే, పైన ఇంకొకరి బిడ్డ ఉంది. కానీ నేనిక పైకి చూడనే లేదు, నా చేతి మీది ఆ వేళ్లనే చూస్తూ నిలబడ్డాను.

ఆఫ్రీన్ మిగతా చుట్లు మానేసి ముందే దిగిపోయింది. దిగి పచ్చిక మీద చతికిలబడి, చచ్చేంత భయమైంది సార్ అంది. మిగతావి గాలి తగ్గాక చేద్దువుగానిలే అన్నాడు పరీక్షాధికారి. సాయంత్రం ఆ పిల్ల మిగిలిన చుట్లు కొట్టింది, వెండి రెక్కలు ఆమెకొచ్చాయి. మైథిలి చప్పట్లు కొట్టింది, కొట్టాక షెడ్డు వెనక్కి పోయి కాసేపు ఏడ్చింది. తర్వాత చాయ్ పెట్టింది. గ్లాసుల్లో పోస్తుంటే బల్ల మీద ఒలికింది. సౌజన్య సాయం చెయ్యబోయి, చెయ్యి వెనక్కి తీసుకుని, ఆమెనే పొయ్యనిచ్చింది. యాకూబ్ రెడ్డి సార్ రెండు గ్లాసులు తాగాడు. మళ్లీ వచ్చే పరీక్షకి సీటుండదు గానీ రెక్కలుంటయి బిడ్డా, వస్తవా, అని అడిగాడు. భయం తగ్గాక వస్తా సార్, అంది. తగ్గాల్సిన పనేం లేదు, రా, అన్నాడు ఆయన.

తిరిగి వచ్చేటప్పుడు సౌజన్య వెనక సీట్లో నిద్రపోయింది, ఎన్నో రోజుల తర్వాత. మైథిలి నా పక్కన కూర్చుంది. స్కూలు కారే అది, రెండో బ్రేకు ఆ పక్కే ఉంటుంది. ఊళ్లోకి వచ్చే మలుపులో ఎదురుగా ఇసుక లారీ వచ్చింది. చాలినంత చోటుంది, నాక్కూడా భయం వెయ్యలేదు. అయినా కారు కీచుమని రోడ్డు పక్కన ఆగిపోయింది. సౌజన్య ఉలిక్కిపడి లేచి ఏమైందంది. నా కాళ్లు రెండూ ఎక్కడివక్కడే ఉన్నాయి.

"నేనే తొక్కిన," అంది మైథిలి. "భయమైంది నాన్నా."

లారీ పోయేదాకా ఆగి, బండి మళ్లీ స్టార్ట్ చేశాను.